లాప్‌టాప్ కొనిచ్చిన, మరి నేర్పేదెట్ల?

ప్రశ్న: మా బాపు తపాలా శాఖలో పనిచేసి రిటైరయిండు. 71 ఏండ్లు. అమ్మతో మంథనిలనే ఉంటడు. హైదరాబాద్ నుంచి ఫోన్ల చెప్తుంటే ఇద్దరికీ కోపాలొస్తున్నయి. ఏం చెయ్యాలె?

జవాబు: ఫోన్‌లో నేర్పడం మానండి. ఆయన ఏ బొమ్మ చూస్తున్నారో మీకు కనబడదు, కోపాలు అక్కడే మొదలవుతాయి. పండుగకు ఊరెళ్లినప్పుడు పక్కన కూర్చోండి. మౌస్ ఆయన చేతిలోనే ఉండాలి; మీరు లాక్కుని చకచకా నొక్కేస్తే ఆ రోజు పాఠం అయిపోయినట్టే.

వేలితో జరిపే టచ్‌ప్యాడ్ పెద్దవాళ్లకు నరకం. విడిగా ఒక మౌస్ కొనండి. సెట్టింగ్స్‌లో అక్షరాల సైజు పెంచి, డబుల్ క్లిక్ వేగం తగ్గించండి. తర్వాత సాలిటేర్ పేకాట పెట్టివ్వండి. నవ్వకండి, ముక్కల్ని పట్టి లాగడంలోనే చెయ్యి కుదురుతుంది. టైపింగ్‌కు తెలుగు కీబోర్డు విండోస్‌లోనే ఉంది.

ఆయనకు నిజంగా పనికొచ్చేదొకటి ఎంచుకోండి. కేంద్ర పెన్షనర్లు ఏటా నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాలి కదా. 2014లో వచ్చిన జీవన్ ప్రమాణ్‌తో అది ఇంటి నుంచే అవుతుంది. కంప్యూటర్‌లోనైతే వేలిముద్ర యంత్రం కావాలి. ఫోన్‌లో ముఖం చూపిస్తే చాలు. కాబట్టి ఈ ఒక్క పనికి మాత్రం ఫోనే మేలు.

క్లాసుకు పంపుదామన్నా, 2017 నాటి ప్రభుత్వ డిజిటల్ అక్షరాస్యత పథకం 60 ఏళ్ల వయసుకే గీత గీసింది. అవసరమున్నవాళ్లనే బయట నిలబెట్టింది!

ఓటీపీ ఎవరడిగినా, బ్యాంకువాళ్లమన్నా, చెప్పొద్దనండి. డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయాలి. ఆ నంబరు లాప్‌టాప్ మూత మీదే పెద్దగా రాసి అంటించండి.