కడప విమానాశ్రయం: ఖాళీ సీట్ల లెక్క

చిన్న ఊరికి రన్‌వే వేస్తే సరిపోదు. ఖాళీ సీట్ల నష్టం ఎవరు భరించాలన్నదే అసలు ప్రశ్న. 2015 జూన్ 7న కడప విమానాశ్రయం ప్రారంభమైంది. బెంగళూరుకు నడిపిన ఎయిర్ పెగాసస్ మరుసటి ఏడాదే మూతపడింది. 2017 ఏప్రిల్ 27న ఉడాన్ పథకం కింద ట్రూజెట్ హైదరాబాదుకు సర్వీసు మొదలుపెట్టింది. గంట ప్రయాణానికి సగం సీట్లపై సుమారు 2,500 రూపాయల పరిమితి పెట్టారు. ఆదాయంలో లోటును మూడేళ్లు పూడ్చాలి. అందులో ఎక్కువ భాగం పెద్ద రూట్ల విమానాలపై వేసిన సుంకం నుంచి, 20 శాతం రాష్ట్ర ఖజానా నుంచి. (విమానం ఎక్కని మన ఇళ్ల పన్నూ ఆ ఖజానాలోదే!) 2022లో ట్రూజెట్ ఆగింది, ఇండిగో వచ్చింది. రాయితీ పరిధిలో లేని సీట్లకు మాత్రం ధర కంపెనీ ఇష్టం.