బావి లెక్క

అహోబిలం పేరు విననివాళ్లు మన సీమలో ఉండరు. నవ నారసింహులు వెలసిన క్షేత్రం అది. నల్లమల కొండల్లో ఉంది. ఒకప్పుడు కర్నూలు జిల్లా. 2022 నుంచి నంద్యాల జిల్లా. ఎగువ అహోబిలంలో భవనాశి ఏరు పారుతుంది. వానాకాలంలో ఉరుకుతుంది. ఎండాకాలంలో సన్నబడుతుంది.

కొండ మీద అడవి. కొండ దిగితే పొలాలు. కాలువ నీళ్లు అందని చోట బతుకంతా వాన మీద, బోరు మీద.

ఆ కొండ కింద ఒక ఊరు ఉందనుకుందాం. ఆ ఊర్లో ఒక అత్త, ఒక కోడలు. ఇద్దరూ రాత్రి బడిలో చదువు నేర్చుకున్నారు. వాళ్లకు మూడెకరాల చేను ఉంది. రెండు బోర్లు ఎండిపోయాయి. మూడోది సన్నగా పోస్తోంది.

"ఇంకో బోరు వేద్దాం" అన్నాడు కొడుకు. చేతిలో డబ్బు లేదు. భార్య కమ్మలు, గొలుసు తాకట్టు పెడదామన్నాడు. కోడలు మాట్లాడలేదు. చెవి కమ్మ తడుముకుంది.

అత్త అంది: "నీళ్లు ఎంత లోతులో ఉండాయో తెలీకుండా సొమ్ము ఎట్ల పెడ్తావు నాయనా? నేను కాపురానికి వచ్చినప్పుడు మన దిగుడు బావిలో పది మెట్లు దిగితే బిందె మునిగేది. ఇప్పుడు ముప్పై మెట్లు దిగాల."

"ఏ ఏడు ఎన్ని మెట్లు తగ్గినాయత్తా?" అని అడిగింది కోడలు.

"గుర్తు లేదమ్మీ. అప్పుడు రాయను రాదు గదా."

"ఇప్పుడు వచ్చు గదా!" అంది కోడలు.

కొడుకు కొంతకాలం ఆగడానికి ఒప్పుకున్నాడు.

కొలత మొదలైంది

ఒక పొడుగాటి తాడు తీసుకున్నారు. కొసకు రాయి కట్టారు. మీటరుకు ఒక ముడి వేశారు. నెలకు రెండు సార్లు, 1వ తేదీన, 15వ తేదీన కొలిచారు. తెల్లవారుజామున, మోటార్లు వేయక ముందే కొలిచారు. మోటారు ఆడితే నీటిమట్టం దిగుతుంది. కొలత తప్పుతుంది.

తాడును బావి గట్టు నుంచి వదిలారు. రాయి నీళ్లను తాకగానే ఆపారు. ముడులు లెక్కపెట్టి నోటు పుస్తకంలో రాశారు.

ఒకరోజు కోడలు సంబరపడింది. "అత్తా, పోయినసారి 10 మీటర్లు. ఈసారి 11. నీళ్లు పెరిగినాయి!"

"కాదమ్మీ. మనం కొలిచేది గట్టు నుంచి నీళ్ల దాకా. అంకె పెరిగితే నీళ్లు కిందికి పోయినట్టు. అంకె తగ్గితే నీళ్లు పైకి వచ్చినట్టు."

ఈ మాట గుర్తుపెట్టుకోండి. చాలామంది ఇక్కడే పొరపాటు పడతారు.

వానను కూడా కొలిచారు. అడుగు నుంచి మూతి దాకా ఒకే వెడల్పు ఉన్న డబ్బాను ఆరుబయట పెట్టారు. రోజూ పొద్దున ఎనిమిదిన్నరకు స్కేలుతో కొలిచారు. ఎకరా నేల మీద 1 మిల్లీమీటరు వాన పడితే సుమారు 4 వేల లీటర్ల నీళ్లు పడినట్టు. అయితే అవన్నీ భూమిలోకి ఇంకవు. కొన్ని పారిపోతాయి. కొన్ని ఆవిరైపోతాయి.

పుస్తకం ఏం చెప్పింది?

మొదటి ఏడు మే నెల - 11 మీటర్లు
మొదటి ఏడు నవంబరు - 5 మీటర్లు
రెండో ఏడు మే నెల - 13 మీటర్లు
రెండో ఏడు నవంబరు - 8 మీటర్లు

మే నెలలో నీళ్లు లోతుకు పోతాయి. వానలయ్యాక నవంబరులో పైకి వస్తాయి. కాబట్టి మేను నవంబరుతో పోల్చి తగ్గిందో పెరిగిందో చెప్పకూడదు. మేను మేతోనే పోల్చాలి. నవంబరును నవంబరుతోనే పోల్చాలి. మే నుంచి మేకు 2 మీటర్లు దిగింది. నవంబరు నుంచి నవంబరుకు 3 మీటర్లు దిగింది.

కోడలు ఇంకో లెక్క వేసింది. మొదటి ఏడు వానలకు నీళ్లు 6 మీటర్లు పైకి వచ్చాయి. ఆ తర్వాత ఎండాకాలం ముగిసేసరికి 8 మీటర్లు దిగాయి. వచ్చింది 6. పోయింది 8.

"ఇంకో బోరు వేస్తే నీళ్లు పుట్టవు. ఉన్న కుండలోనే ఇంకో గొట్టం పెట్టినట్టు" అంది భర్తతో. అతను పుస్తకం చూశాడు. కాసేపు మాట్లాడలేదు. ఆ ఏడు వరి మానేశాడు. శనగ వేశాడు. ఎకరా వరికి పట్టే నీళ్లతో సుమారు రెండెకరాల వేరుశనగ పండుతుంది. శనగకు ఇంకా తక్కువ చాలు.

కమ్మలు చెవులకే ఉన్నాయి. కానీ ఒక ఇల్లు మారితే చాలదు. భూమిలో నీళ్లకు గట్లు లేవు. పక్క చేని బోరు కూడా ఆ నీళ్లే తోడుతుంది. అందుకే అత్తాకోడళ్లు ఆ అంకెలను ఊరి మధ్య గోడ మీద రాశారు.

నిజంగా జరిగింది

అత్తాకోడళ్లది కథ. కానీ ఆ పని నిజంగా జరిగింది. 2003 తర్వాత కర్నూలు, కడప, అనంతపురం, చిత్తూరు, ప్రకాశం, మహబూబ్‌నగర్, నల్లగొండ జిల్లాల్లో 600కు పైగా ఊళ్లలో రైతులు తమ నీళ్లను తామే కొలిచారు. వారిలో ఆడవాళ్లూ ఉన్నారు. రోజూ వాన కొలిచారు. పదిహేను రోజులకొకసారి బోర్లలో నీటి లోతు కొలిచారు. అంకెలు గోడల మీద రాశారు. రబీకి ముందు ఊరంతా కూర్చుని, ఉన్న నీళ్లకు ఏ పంటలు సరిపోతాయో లెక్క వేశారు. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ ఈ పనికి తోడ్పడింది. ఫలానా పంటే వేయాలని ఎవరూ బలవంతం చేయలేదు. లెక్క చూసుకుని చాలామంది వరి తగ్గించారు.

కేంద్ర భూగర్భజల బోర్డు కూడా ఏడాదికి నాలుగు సార్లు బావులు కొలుస్తుంది. కానీ మన ఊరి ప్రతి బావినీ కొలవలేదు కదా. ఆ పని మనదే.

ఆలోచించండి

1. కొలతలో అంకె పెరిగితే నీళ్లు పెరిగినట్టా, తగ్గినట్టా?
2. మే నెలను మే నెలతోనే ఎందుకు పోల్చాలి?
3. మీ ఊరి బావిలో మీ చిన్నప్పుడు నీళ్లు ఎంత లోతులో ఉండేవి? పెద్దవాళ్లను అడిగి రాయండి.

చేయండి

నలుగురు కలిసి ఒక తాడుకు ముడులు వేయండి. ఒక బావిని ఎంచుకోండి. వచ్చే నెల 1వ తేదీన కొలవండి. తేదీ, అంకె రాయండి. ఆ పుస్తకాన్ని జాగ్రత్తగా దాచండి. మీ కోడలు అడిగినప్పుడు "గుర్తు లేదమ్మీ" అనే పని ఉండదు.