గాలిలోని బొగ్గుపులుసు – గోధుమ పైరు

విద్యార్థులారా! పైరు తన దేహమును మంటి నుండియే నిర్మించుకొనునని పలువురు తలంతురు. అది సరికాదు. ఎండిన గోధుమకంకి బరువులో అధికభాగము గాలి నుండి వచ్చినదే. ఆకులయందలి సూక్ష్మరంధ్రముల గుండ బొగ్గుపులుసు వాయువు లోనికి ప్రవేశించును, వేళ్లు నీటిని పంపును, పత్రహరితము సూర్యకాంతిని గ్రహింపగా, ఆ బలముచే ఈ రెండును చక్కెరగా మారును, ప్రాణవాయువు వెలువడును. దీనినే కిరణజన్య సంయోగక్రియ యందురు. ఇందుకు వెలుతురు అవశ్యకమని 1779వ సంవత్సరమున ఇంగెన్‌హౌజ్ అను వైద్యుడు తెలియజేసెను.

ఈ వాయువు గాలిలో మిక్కిలి స్వల్పము. 1750 ప్రాంతమున పదిలక్షల పాళ్లలో సుమారు 280 పాళ్లు మాత్రమే యుండెను. 1958లో హవాయి ద్వీపమందలి మౌనా లోవా పర్వతముపై కీలింగు అను శాస్త్రజ్ఞుడు కొలువ నారంభించినప్పుడు సుమారు 315 పాళ్లు. 2024లో 420 పాళ్లకు మించెను. మనుష్యులు రాక్షసిబొగ్గును, రాతినూనెను కాల్చుటయే దీనికి ముఖ్యకారణము.

ఆహారము హెచ్చిన పైరును హెచ్చవలదా యని మీరడుగవచ్చును. కొంతవరకు హెచ్చును. గోధుమ ఆకులో బొగ్గుపులుసును పట్టుకొను రూబిస్కో అను పదార్థము ఒక్కొక్కప్పుడు దానికి మారుగా ప్రాణవాయువును పట్టును. అందుచే మొక్క శ్రమ కొంత వ్యర్థమగును. బొగ్గుపులుసు హెచ్చినకొలది ఈ నష్టము తగ్గును. రంధ్రములు కొంత ముడుచుకొనుటచే నీరును మిగులును. జొన్న, మొక్కజొన్న, చెఱకు మొక్కలు ఈ వాయువును ఆకులోపలనే కూడబెట్టుకొనును గనుక వానికి ఇంత లాభము లేదు. వరి మాత్రము గోధుమవంటిదే.

అమెరికాలో అరిజోనా రాష్ట్రమందలి మారికోపాయను చోట, 1990 తరువాతి సంవత్సరములలో, బయలుపొలమున గోధుమ చుట్టు గొట్టములమర్చి ఈ వాయువును సుమారు 550 పాళ్లకు హెచ్చించి చూచిరి. దిగుబడి పెరిగెను, నత్రజని ఎరువు చాలని మళ్లలో ఆ పెరుగుదల స్వల్పమయ్యెను.

అయితే కొలపాత్ర నిండుట వేఱు, దేహమునకు బలము కలుగుట వేఱు. 550 పాళ్ల ప్రాంతమున పండిన గోధుమగింజలలో మాంసకృత్తులు నూటికి సుమారు 6 వంతులు, ఇనుము 5 వంతులు, జింకు 9 వంతులు తగ్గినవని 2014లో ప్రకటింపబడిన పరిశోధనలు తెలిపినవి. పాలు, పప్పు, కూరలు సమృద్ధిగా గలవారికి ఇది అల్పలోపమే. రొట్టెయే సర్వస్వమైన బీదకుటుంబములోని తల్లికిని, బిడ్డకును ఇది అల్పము కాదు.

మఱియు ఈ వాయువే భూమిని వేడెక్కించుచున్నది. గింజ పాలుపోసుకొను వేళ వేడి సోకినచో గింజ చిక్కిపోవును. 2022 మార్చి నెలలో ఉత్తరహిందూస్థానమున అట్లే జరిగెను. ఆ మే నెలలో ప్రభుత్వము గోధుమల ఎగుమతిని నిషేధించెను.

కావున బొగ్గుపులుసు పైరునకు ఆహారమను మాట సత్యమే, కాని సగము సత్యము. ఎంత పండెనని మాత్రమే గాక, పండినదానిలో ఏమున్నదని కూడ విచారింప నేర్చుకొనుడని మేము మిమ్ము కోరుచున్నాము.