మైకు చేతికొచ్చేలోపు

రచయిత మాట్లాడటం పూర్తయి, నిర్వాహకుడు "ఇక ప్రశ్నలు తీసుకుందాం" అనగానే సభ తీరే మారిపోతుంది. అంతదాకా కుర్చీల్లో వెనక్కి వాలినవాళ్లు ముందుకు జరుగుతారు. చేతులు లేస్తాయి. వాలంటీరు పిల్లలు మైకు పట్టుకుని వరుసల మధ్య పరుగులు పెడతారు. మైకు అందుకున్న మొదటి పెద్దమనిషి "నాది ప్రశ్న కాదండీ, చిన్న అబ్జర్వేషన్" అని మొదలుపెడతాడు. ఆ చిన్నది ఎంత పొడుగుంటుందో అక్కడున్న అందరికీ అనుభవమే.

ఈ దృశ్యం చూడాలంటే హైదరాబాద్ లిటరరీ ఫెస్టివల్‌కు వెళ్లాలి. అది 2010లో మొదలైంది. బేగంపేట పబ్లిక్ స్కూలు, సైఫాబాద్ విద్యారణ్య లాంటి బడి ఆవరణల్లో జరిగి, 2024లో హైటెక్ సిటీ పక్కన సత్వ నాలెడ్జ్ సిటీకి వచ్చింది. ప్రవేశానికి రుసుమేమీ లేదు. రాయదుర్గం మెట్రోలో దిగి వెళ్లొచ్చు. చోటు మారేసరికి వినేవాళ్లూ కొంత మారారు. మెడలో ఐడీ కార్డు తీయకుండానే వచ్చి కూర్చునేవాళ్లు కనిపిస్తారు. చదివేవాళ్లు తగ్గిపోయారని వాపోయేవాళ్లు ఒకసారి అక్కడికి వెళ్లి చూడాలి. వచ్చినవాళ్లు శ్రద్ధగానే వింటారు. చిక్కంతా ప్రశ్నల వేళ మొదలవుతుంది.

ఒక సభలో జరిగింది చెబుతాను. వేదిక మీద ఒక కథా రచయిత. కొడుకు నగరంలో ఫ్లాటు కొన్నాక ఊరు వదిలి వచ్చిన తల్లి కథ గురించి మాట్లాడుతున్నారు. తనకు రాయాలన్న కోరిక ఎలా పుట్టిందో మొదట్లోనే చెప్పేశారు: నాన్నమ్మ చెప్పిన కథలు, ఊరి గ్రంథాలయంలో అట్టలూడిన పుస్తకాలు. ప్రశ్నల వంతు వచ్చింది. రెండో వరుసలోంచి ఒకాయన లేచి "మీకు రాయడానికి స్ఫూర్తి ఎవరు సార్?" అని అడిగాడు. రచయిత ఓపికగా మళ్లీ నాన్నమ్మ దగ్గర్నుంచి చెప్పారు. ఆ జవాబు నడుస్తున్నంతసేపూ వెనక వరుసలో ఇంకొకాయన ఫోనులో రాసుకున్నది చూసుకుంటూ పెదాలు కదుపుతున్నాడు. మైకు అందగానే ఆయన కూడా ఇంచుమించు అదే అడిగాడు. హాల్లో నవ్వులు. ఎందుకు నవ్వుతున్నారో పాపం ఆయనకు అర్థం కాలేదు.

ఆయన మర్యాద తెలియనివాడేమీ కాదు. మాల్కం బ్రెన్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1973లో ఈ తంతు మీద ప్రయోగం చేసి చూశాడు. కొందరిని బల్ల చుట్టూ కూర్చోబెట్టి, వంతులవారీగా ఒక్కో మాట పైకి చదివించాడు. తర్వాత ఎవరికేం గుర్తుందో అడిగాడు. తాము చదివిన మాటలు అందరికీ బాగానే గుర్తున్నాయి. తమ వంతుకు కాస్త ముందు పక్కవాళ్లు చదివినవి మాత్రం సరిగా గుర్తులేవు. ఇది విని మరిచిపోవడం కాదని, ఆ క్షణంలో మాట తలకే ఎక్కలేదని తర్వాతి పరిశోధనల్లో తేలింది. వంతు కోసం కాచుకున్న మనిషికి చెవులు పనిచేస్తూనే ఉంటాయి, మనసు మాత్రం తన మాటను దువ్వుకోవడంలో ఉంటుంది.

ఈ జబ్బు సాహిత్య సభలది మాత్రమే అనుకుంటే పొరపాటు. మాదాపూర్ నుంచి నానక్‌రాంగూడ దాకా సాఫ్ట్‌వేర్ ఆఫీసుల్లో రోజూ పొద్దున్నే స్టాండప్ మీటింగులు జరుగుతాయి. నిన్న ఏం చేశాను, ఇవాళ ఏం చేస్తాను, ఎక్కడ ఆగిపోయాను. ఇలాంటి మీటింగులు ఎలా జరపాలో చెప్పే స్క్రమ్ గైడు ఈ మూడు ప్రశ్నలనూ 2020లోనే తీసేసింది, మన ఆఫీసులకు ఆ కబురు ఇంకా అందినట్టు లేదు. పదిహేను నిమిషాల్లో ఒక్కొక్కరికీ దొరికేది నిమిషమో రెండు నిమిషాలో. మిగతా సమయమంతా వినడానికే. కానీ జరిగేది తన వంతు దాకా తన అప్‌డేట్ వల్లె వేసుకోవడం, వంతు అయ్యాక మ్యూట్‌లో పెట్టి మెయిల్ చూసుకోవడం. సాయంత్రానికి ఒకే బగ్గును ఇద్దరు సరిచేసి కూర్చుంటారు. "పొద్దున్న చెప్పాను కదా" అని ఒకరు, "ఎప్పుడు చెప్పావు?" అని ఇంకొకరు. చెప్పడం నిజమే, వినకపోవడమూ నిజమే.

మనకు నేర్పిందీ ఇదే మరి. క్యాంపస్ ప్లేస్‌మెంట్ల గ్రూప్ డిస్కషన్‌లో మౌనంగా విన్నవాడికి మార్కులు పడవు, ముందుగా గొంతు లేపినవాడికి పడతాయి. అమీర్‌పేటలో కోర్సులో చేరినా, నెలకో ట్రైనర్‌ను ఆఫీసుకే పిలిపించినా నేర్పేది మాట్లాడటమే. వేదిక భయం పోగొట్టుకోవడం ఎలా, నలుగురి దృష్టిలో పడటం ఎలా. వ్యక్తిత్వ వికాసం పుస్తకాల్లో వినడం మీద అధ్యాయం ఉంటుంది గానీ, చాలా పుస్తకాల్లో అది అవతలివాణ్ణి బుట్టలో వేసుకోవడానికి ఒక ఉపాయంగానే ఉంటుంది. తల ఊపండి, కళ్లలోకి చూడండి, మధ్యమధ్య "అవునా" అనండి. ఇలా తల ఊపేవాళ్లను మీరూ చూసే ఉంటారు. ఆ ఊపు అరనిమిషంలో దొరికిపోతుంది.

మన దగ్గర విని అడగడాన్ని ఒక విద్యగా సాధన చేసిన చోటు అష్టావధానం. తిరుపతి వేంకట కవులు ఊరూరా తిరిగి దాన్ని జనంలోకి తెచ్చారు. చప్పట్లు అవధానికి పడతాయి గానీ, నేను వెళ్లినప్పుడల్లా నిషిద్ధాక్షరి ఇచ్చే పృచ్ఛకుణ్ణే చూస్తుంటాను. అవధాని ఒక అక్షరం చెప్పగానే, తర్వాత ఏ అక్షరం రాబోతోందో ఊహించి దాన్ని నిషేధించాలాయన. కవి ఏ మాట వైపు వెళ్తున్నాడో, ఛందస్సు ఎటు లాగుతోందో పట్టుకోకపోతే ఆ నిషేధం గురి తప్పుతుంది. ఇంట్లో తయారు చేసుకొచ్చిన ప్రశ్న అక్కడ చెల్లదు. పక్కనే అప్రస్తుత ప్రసంగి ఉంటాడు, ఏకాగ్రత చెడగొట్టడమే ఆయన పని. ఆ పనిని కూడా తెలివిగా, సరసంగా, సమయం చూసి చేస్తాడు. మన సభల్లో ఆ పాత్రకు పిలవకుండానే వచ్చేవాళ్లు చాలామంది, సరసం ఒక్కటే తక్కువ.

మళ్లీ ఆ కథా రచయిత సభకొస్తాను. నవ్వులు సద్దుమణిగాక ఒక అమ్మాయి మైకు తీసుకుని "తెలుగులో అడగొచ్చా అండీ?" అంది. తెలుగు రచయితను అలా అనుమతి అడగాల్సి రావడం మీద వేరే వ్యాసం రాయొచ్చు, ప్రస్తుతానికి వదిలేద్దాం. "ఆమె ఊరి నుంచి రోలు తెచ్చుకుంటుంది కదండీ. తర్వాత కథలో ఆ రోలు లేదు. ఫ్లాటులో ఎక్కడ పెట్టుకుంది?" అని అడిగి కూర్చుంది. రచయిత మొదట నవ్వారు, తర్వాత కాసేపు ఆగారు. మొదటి ప్రతిలో రోలు బాల్కనీలో ఉండేదట. పచ్చడి నూరితే కింది ఫ్లాటువాళ్లు సెక్యూరిటీకి ఫోన్ చేయడం, కొడుకు పైకొచ్చి "మిక్సీ ఉంది కదమ్మా" అనడం, అదంతా రాశారట. కథ పొడుగైందని సంపాదకుడు అంటే తీసేశారు, రోలు వచ్చిన వాక్యం మాత్రం పొరపాటున మిగిలిపోయింది. అక్కణ్ణుంచి మాట కథల్లో కోతల మీదికి, అపార్ట్‌మెంట్లలో ముసలివాళ్లకు మిగలని పనుల మీదికి మళ్లింది. ఆ పూట సిద్ధం చేసుకోని మాటలు ఆయన మాట్లాడింది అప్పుడే. తర్వాత టీల దగ్గర తెలిసింది, ఆ అమ్మాయి ఒక కంపెనీలో టెస్టింగ్ చేస్తుందని. కనపడకుండా పోయినదాన్ని పట్టుకోవడం వృత్తిలోనే ఉందన్నమాట.

ఆమె తన పేరు, కంపెనీ, చదివిన పుస్తకాల జాబితా ఏదీ చెప్పలేదు. జవాబు ఆమెకు ముందు తెలియదు. ప్రశ్న కథ లోపలి నుంచి పుట్టింది. మంచి ప్రశ్నకు ఇంతకన్నా ఏం కావాలో నాకు తోచదు.

ఇలా వినేవాళ్లు సభల్లో కన్నా బయటే ఎక్కువ కనిపిస్తారు. మాదాపూర్ అయ్యప్ప సొసైటీ హాస్టళ్ల సందుల్లో పొద్దున ఎనిమిదిన్నరకు దోసెల బండి ముందు నిలబడి చూడండి. ఏడెనిమిది మంది ఒకేసారి చెబుతుంటారు. ఒకరికి ఉల్లి వద్దు, ఒకరికి కారం తక్కువ, ఒకరికి పార్శిల్, చట్నీ విడిగా. బండి అతను పెనం మీద నీళ్లు చల్లుతూ, తల ఎత్తకుండానే "ఉల్లి లేకుంట ఒకటి, కారం తక్కువది ఎవలిదన్నా?" అంటాడు. కాగితం, పెన్ను లేవు. విన్నది ఒకసారి పైకి అంటాడు, తప్పైతే అక్కడే దిద్దుకుంటాడు. వింటున్నప్పుడు తాను చెప్పాల్సిందేమీ అతను కూడబలుక్కోవడం లేదు.

వంతు గురించిన ఆత్రమే అడ్డం పడుతోందంటే, ఆ వంతునే ముందుగా తీర్చేసుకోవచ్చు. స్టాండప్‌కు ఐదు నిమిషాల ముందు మీ అప్‌డేట్ గ్రూపులో రాసి పడేయండి. మాట్లాడాల్సి వస్తే చదివేయొచ్చు, అంతసేపూ చెవి ఖాళీగా ఉంటుంది. రచయిత సభలో ప్రశ్నను కాగితం మీద రాయండి, ఒక్క గుక్కలో చదవగలిగేంత. రాశాక మీ గురించి ఉన్న వాక్యం కొట్టేయండి, చాలాసార్లు మొదటి వాక్యం అదే అవుతుంది. వేరొకరు అదే అడిగేస్తే చెయ్యి దించేయండి. దించాక మిగిలిన జవాబులు ఎంత బాగా వినిపిస్తాయో మీకే తెలుస్తుంది. ఇంటి నుంచి అమ్మ ఫోన్ చేసినప్పుడు ల్యాప్‌టాప్ చూస్తూ "ఆఁ... ఆఁ" అనడం అలవాటైనవాళ్లు, పోయిన వారం ఆమె చెప్పిన దాంట్లోంచి ఒకటి తీసి అడగొచ్చు. "బోరు మోటారు బాగుచేసే అతను వచ్చాడా?" అంటే చాలు, ఆ ఫోను మామూలు కన్నా పది నిమిషాలు ఎక్కువ నడుస్తుంది. మీటింగు ఉన్న రోజున అడగకండి.

మన పుస్తకావిష్కరణ సభలకు ఈ ప్రశ్నల గొడవే లేదు. వేదిక మీద ముఖ్య అతిథి, విశిష్ట అతిథి, గౌరవ అతిథి, ఆత్మీయ అతిథి, శాలువాలు, ఆ తర్వాత "సమయాభావం వల్ల ప్రశ్నలకు అవకాశం లేదు". దాని కన్నా ఫెస్టివల్ పద్ధతే నూరుపాళ్లు మేలు. నాకు నచ్చిన పద్ధతి ఇంకోటుంది. కొన్ని సభల్లో ప్రసంగం నడుస్తుండగానే చీటీలు పంచుతారు. ప్రశ్న రాసి ఇచ్చేస్తే, సమన్వయకర్త ఒకేలాంటివి కలిపి, ఉపన్యాసాలు పక్కన పెట్టి చదువుతాడు. రాసి ఇచ్చినవాడికి ఇక వంతు అంటూ ఉండదు, హాయిగా వినొచ్చు. సభలు నడిపే ఒక మిత్రుడికి ఇది చెబితే ఆయన తల అడ్డంగా ఊపాడు. తానూ ఒకసారి పెట్టి చూశాడట. చీటీలు ఐదో ఆరో వచ్చాయట. సభ అయ్యాక మాత్రం మైకు ఎందుకివ్వలేదని పాతిక మంది వచ్చి నిలదీశారట.