అన్నీ ఉన్నా వెలితి ఎందుకు? వ్యాసుడి ప్రశ్న, నారదుడి జవాబు

పోయిన వీడియో తర్వాత ఒకే ప్రశ్న రకరకాల మాటల్లో వచ్చింది. "ఉద్యోగం ఉంది, ఇంట్లో అందరూ బాగున్నారు, రోజూ దీపం కూడా పెడుతున్నాను. అయినా లోపల ఏదో ఖాళీ. నా భక్తిలో ఏమైనా లోపం ఉందా?"

వీడియోలో రెండు నిమిషాల్లో చెప్పేసే విషయం కాదు కాబట్టి ఇక్కడ కాస్త నెమ్మదిగా మాట్లాడుకుందాం.

ముందు నా సంగతి. రెండేళ్ళ క్రితం, ఎనిమిది నెలలు కష్టపడిన ప్రాజెక్టు ఒక రాత్రి రిలీజ్ అయింది. ఒక్క ఎర్రర్ కూడా రాలేదు. అందరూ చప్పట్లు కొట్టారు. తెల్లవారుజామున నాలుగింటికి క్యాబ్‌లో రూమ్‌కి వచ్చి, బూట్లు కూడా విప్పకుండా గోడకి ఆనుకుని కూర్చుండిపోయాను. ఏడుపు లేదు, సంతోషం లేదు. ఏమీ లేదు. పొద్దున అమ్మ ఫోన్ చేసి "సంతోషమే కదా నాన్నా?" అని అడిగింది. "ఆ అమ్మా, చాలా" అన్నాను. అది అబద్ధం. ఆ అబద్ధం దగ్గరికి చివర్లో మళ్ళీ వద్దాం.

1. సరస్వతీ తీరంలో వ్యాసుడు

భాగవతం ప్రథమ స్కంధంలో, కథ ఇంకా మొదట్లో ఉండగానే ఈ ఘట్టం వస్తుంది. పోతన గారి తెలుగు భాగవతంలో కూడా ఇది ప్రథమ స్కంధంలోనే ఉంది.

అప్పటికి వ్యాసుడు చేసిన పని చూడండి. ఒక్కటిగా ఉన్న వేదాన్ని నాలుగుగా విభజించి పైలుడికి, జైమినికి, వైశంపాయనుడికి, సుమంతుడికి అప్పగించాడు. వేదం చదివే అవకాశం లేనివాళ్ళ కోసం మహాభారతం రాశాడు. అంతకంటే పెద్ద పని ఇంకేం ఉంటుంది? అయినా ఒక ఉదయం సరస్వతీ నది ఒడ్డున ఒంటరిగా కూర్చుంటే ఆయన మనసుకి తృప్తి లేదు. ఎందుకో కూడా తెలియలేదు.

అప్పుడు నారదుడు వచ్చాడు. ఇంత చేసినవాడివి, ఏమీ సాధించని వాడిలా దిగులుపడుతున్నావేంటి అని అడిగాడు. ఇక్కడ వ్యాసుడి జవాబు గమనించాలి. "అబ్బే, అదేం లేదు, బానే ఉన్నాను" అనలేదు. మీరు చెప్పినవన్నీ నిజమే, అయినా నాలో తృప్తి లేదు, కారణం మీరే చెప్పండి అని ఒప్పుకున్నాడు. వేదవ్యాసుడే ఒప్పుకోగలిగినప్పుడు మనకి మొహమాటం ఎందుకు?

నారదుడు "నువ్వు తక్కువ రాశావు, ఇంకా రాయి" అనలేదు. ధర్మం, అర్థం లాంటి పురుషార్థాల గురించి ఎంతో విస్తారంగా చెప్పావు కానీ, భగవంతుడి మహిమని అంత విస్తారంగా చెప్పలేదు, వెలితి అక్కడుంది అన్నాడు. లోపం పని ఎంత చేశాం అన్నదాంట్లో లేదు. ఆ పనంతా ఎవరి వైపు తిరిగి ఉంది అన్నదాంట్లో ఉంది. ఆ మాట విన్నాకే వ్యాసుడు భాగవతం రాశాడు. అంటే ఆయనకి ఆ రోజు ఆ వెలితి లేకపోతే మన చేతిలో భాగవతం లేదు.

2. నారదుడి సొంత కథ

తర్వాత నారదుడు తన పూర్వజన్మ కథ చెప్తాడు. అప్పుడాయన ఒక పనిమనిషి కొడుకు. వానాకాలం నాలుగు నెలలు ఒకచోట ఉండిపోయిన సాధువులకి సేవ చేస్తూ, వాళ్ళు చెప్పుకునే హరికథలు విన్నాడు. చిన్నతనంలోనే తల్లి పాము కాటుకి చనిపోయింది. ఒంటరిగా ఉత్తర దిక్కుకి నడిచి, ఒక అడవిలో రావిచెట్టు కింద కూర్చుని ధ్యానం చేశాడు. హృదయంలో భగవంతుడి దర్శనం ఒక్కసారి కలిగింది. వెంటనే మాయమైంది.

మళ్ళీ చూడాలని ఎంత ప్రయత్నించినా కనిపించలేదు. అప్పుడొక వాణి వినిపించింది: ఈ జన్మలో నన్ను మళ్ళీ చూడలేవు, ఆ ఒక్కసారి కనిపించింది నీలో తపన పెరగడానికే.

నేను ఈ భాగం మొదటిసారి చదివినప్పుడు ఇదేం న్యాయం అనుకున్నాను. చూపించి లాక్కోవడం ఏంటి? తర్వాత అర్థమైంది. ఆ పిల్లవాడికి మిగిలిన ఖాళీ శిక్ష కాదు, ఆహ్వానం. ఆ తపనతోనే నామాలు పాడుకుంటూ ఊళ్ళు తిరిగాడు.

3. అదే నారదుడు, శిష్యుడిగా

ఛాందోగ్యోపనిషత్తు ఏడో అధ్యాయంలో ఇంకో దృశ్యం ఉంది. ఇక్కడ నారదుడు గురువు కాదు, శిష్యుడు. సనత్కుమారుడి దగ్గరికి వెళ్ళి నేర్పమని అడిగితే, ముందు నీకు తెలిసింది చెప్పు అంటాడాయన. నారదుడు పెద్ద జాబితా చదువుతాడు: నాలుగు వేదాలు, ఇతిహాస పురాణాలు, వ్యాకరణం, గణితం, ఇంకా ఎన్నో విద్యలు. మన రెజ్యూమె లాంటిదే అనుకోండి. చివర్లో, ఇవన్నీ తెలుసు కానీ ఆత్మ తెలియదు, నేను దుఃఖంలో ఉన్నాను, దాటించండి అంటాడు.

సనత్కుమారుడు ఆ చదువుని పనికిరాదని తీసిపారేయలేదు. అదంతా నామం, అక్కడి నుంచే మొదలుపెట్టు అన్నాడు. నామం కంటే గొప్పది ఉందా అని నారదుడు అడిగాడు. ఉంది, వాక్కు. దానికంటే? మనస్సు. ఇలా అడుగుతూ అడుగుతూ ప్రాణం దాకా, చివరికి భూమ దాకా వెళ్ళారు. భూమ అంటే హద్దులేని నిండుదనం. అల్పమైన దాంట్లో సుఖం లేదు, భూమలోనే సుఖం అన్నది అక్కడి బోధ.

దీన్నిబట్టి నాకర్థమైంది ఇది: ప్రమోషన్ వచ్చాక కూడా ఖాళీగా అనిపించడం మన తప్పు కాదు. హద్దున్న వస్తువు హద్దులేని చోటుని నింపలేదు, అంతే. రీల్స్ చూసినా, కొత్త ఫోన్ కొన్నా కాసేపు మరిచిపోతాం గానీ నిండం.

ఒక ముఖ్యమైన మాట

ఖాళీ అనిపించిన ప్రతిసారీ అది ఆధ్యాత్మికమే అనుకోకండి. రెండు వారాలకి పైగా నిద్ర, తిండి సరిగ్గా లేకపోయినా, దేనిమీదా ఆసక్తి లేకపోయినా, బతకాలని లేదన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా, డాక్టర్‌ని కలవండి. కేంద్ర ప్రభుత్వ టెలి మానస్ నంబర్ 14416 కి ఏ సమయంలోనైనా ఫోన్ చేయొచ్చు. జపం మానక్కర్లేదు, మందూ మానక్కర్లేదు. జ్వరమొస్తే మాత్ర వేసుకోవడం భక్తికి తక్కువ కాదు కదా.

ఈ వారం చేయాల్సింది

రెండు కథల్లోనూ ఉన్నది ఒకటే. వ్యాసుడు నారదుడికి చెప్పుకున్నాడు, నారదుడు సనత్కుమారుడికి చెప్పుకున్నాడు. ఎవరూ ఆ ఖాళీని దాచుకుని ఒంటరిగా దాటలేదు. కాబట్టి ఒక్క పని చేయండి: మీ వెలితి ఏంటో ఒక కాగితం మీద మూడు వాక్యాల్లో రాయండి. దాన్ని ముందు దేవుడి ముందు చదవండి. తర్వాత నమ్మకమైన ఒక్క మనిషికి చెప్పండి.

నేను ఆలస్యంగా చేశాను. నాలుగు నెలల తర్వాత అమ్మకి నిజం చెప్పాను. తను సలహాలేం ఇవ్వలేదు. "శుక్రవారం రాత్రి బస్సెక్కెయ్ నాన్నా" అంది, అంతే. ఆ శనివారం మధ్యాహ్నం వంటింట్లో అమ్మమ్మ డబ్బా తీసి చూసి, "బియ్యం నిండుకున్నాయి రా, కొట్టుకెళ్ళి తీసుకురా" అంది. చిన్నప్పటి నుంచి వింటున్న మాటే. మన ఇళ్ళల్లో అయిపోయాయి అనరు, నిండుకున్నాయి అంటారు. ఖాళీ డబ్బాని చూస్తూ కూడా నిండటం గురించే మాట్లాడతారు.

సంచి పట్టుకుని నడుస్తుంటే వ్యాసుడు గుర్తొచ్చాడు. డబ్బా ఖాళీ అయితే ఎవరూ దాచిపెట్టరు. ఇంట్లోవాళ్ళకి చెప్తారు.

వచ్చే వీడియోలో భూమ గురించి ఇంకొంచెం లోతుగా చూద్దాం. అప్పటిదాకా ఆ మూడు వాక్యాలు రాయడం మర్చిపోకండి.

శుభం.