నగరమున పల్లె రేఖ: లక్ష్మాగౌడ్ చిత్రకళ

ఒక నగరపు చిత్రకళను గూర్చి విచారించునపుడు ఆ నగరము చిత్రములయందెంత కనిపించుచున్నదని చూచుట పరిపాటి. హైదరాబాదు విషయమున ఈ కొలమానము చాలదు. ఆ నగర కళారంగమున ముఖ్యులుగా ఎన్నికకెక్కిన కె. లక్ష్మాగౌడ్ చిత్రములలో చార్మినారుగాని, నవాబుల దేవిడీలుగాని ప్రధానములు కావు. వానినిండ మేకలు, చెట్లు, పల్లె స్త్రీపురుషులు. పల్లెను గీచినవారు నగరకళకు ప్రతినిధి యెట్లయిరన్నదే ఇచట విచార్యము.

వీరు 1940లో మెదకు జిల్లా నిజాంపూరున జన్మించిరి. హైదరాబాదు ప్రభుత్వ లలితకళా కళాశాలలో చదివి, 1963లో బరోడా మహారాజా సయాజీరావు విశ్వవిద్యాలయమున చేరి, కుడ్యచిత్రణమును, అచ్చుచిత్రకళను అభ్యసించిరి. అచటి గురువు కె. జి. సుబ్రహ్మణ్యన్ శాంతినికేతనమున శిక్షణ పొందినవారు. గ్రామీణ హస్తకళలను ఆధునిక చిత్రకళకంటె తక్కువగా నెంచనివారు. ఈ దృష్టి శిష్యునకు స్వగ్రామమును మరల చూపెను. తన ఊరిని చూచుటకు బరోడా దాక పోవలసివచ్చినదనుట అతిశయోక్తి కాదు.

వీరు చేపట్టిన ప్రక్రియలలో ఎచింగు ముఖ్యమైనది. లోహపు రేకుపై మైనపు పూత పూసి, సూదిమొనతో గీచి, ఆమ్లమున ముంచుదురు. పూత తొలగినచోటనే ఆమ్లము లోహమును తినును. ఆ గాట్లలో సిరా దట్టించి, పైభాగమును తుడిచి, తడిపిన కాగితము పరచి యంత్రమున నొక్కగా చిత్రము కుడియెడమలు తారుమారై అచ్చుపడును. పడిన గీతను దిద్దుట కష్టము. కనుక రేఖకు తెగువ కావలెను. ఒక రేకునుండి పెక్కు ప్రతులు వచ్చును. కనుక చిత్రము ఒక్క ధనికుని గోడకే పరిమితము కాదు.

1970వ దశకపు నలుపు తెలుపు చిత్రములలో మనుష్యుల కామము, మేకల పొగరు, చెట్ల పెరుగుదల ఒకే ప్రాణశక్తికి రూపభేదములుగా తోచును. వీనిని అశ్లీలములనుట తొందరపాటు. పల్లె సొగసులని మురియుట అంతకంటె పెద్ద పొరపాటు. నగరవాసి తాను విడిచివచ్చిన ఊరిని నిర్మలమని తలచి ఊరట పొందును. ఈ చిత్రములు ఆ ఊరటను దక్కనీయవు. తరువాతి నీటిరంగులలోను, గాజువెనుక వేసిన చిత్రములలోను వర్ణశోభ హెచ్చినది. వానిని మాత్రమే మెచ్చువారు చిత్రకారుని సగమే చూచినవారగుదురు.

హైదరాబాదున ఆధునిక చిత్రకళ వీరితోనే మొదలు కాలేదు. బొంబాయిలో శిక్షణ పొందిన పి. టి. రెడ్డి (1915–1996) వీరికి పూర్వులు. బరోడాలోనే చదివిన తోట వైకుంఠం తెలంగాణ స్త్రీలను నిండురంగులలో చిత్రించిరి. అయినను హైదరాబాదు విశ్వవిద్యాలయమున అధ్యాపకులై లక్ష్మాగౌడ్ తమ విద్యను తరువాతి తరమునకు అందించిరి. 2016లో వీరికి పద్మశ్రీ లభించినది.

నగరమనగా కట్టడములు మాత్రమే కాదు. పల్లెలు విడిచి వచ్చినవారి జ్ఞాపకము కూడ. హైదరాబాదు మరువజూచిన ఆ జ్ఞాపకమును దాని యెదుటనే నిలుపుట వలన వీరు నగరచిత్రకారులైరి. రసాలంకారములను చర్చించుటకు మన విమర్శలో మాటలు సమృద్ధిగా కలవు. రేఖను చర్చించుటకు కొలదిగనే కలవు. సాహిత్యవిద్యార్థులు ఈ చిత్రముల ముందు నిలిచి, తాము చూచినదానిని తెలుగున చెప్ప యత్నించినచో ఆ కొరత కొంత తీరును.