పసరు వాంతిని పైత్యమని వదిలేయకండి



"కడుపులో మెలిపెట్టినట్టుంది డాక్టరుగారూ" అని చాలామంది మాతో అంటుంటారు. ఎక్కువమందికి అది అజీర్తే. కొద్దిమందికి మాత్రం పేగు నిజంగానే మెలిపడుతుంది.

దీని మూలం తల్లి గర్భంలో ఉంది. పిండం ఏర్పడిన ఆరో వారంలో, పెరుగుతున్న పేగులు పొట్టలో చోటు చాలక బొడ్డుతాడులోకి వెళ్తాయి. సుమారు పదో వారానికి లోపలికి వచ్చేస్తాయి. ఈ రాకపోకల్లో మొత్తం 270 డిగ్రీలు తిరిగి, తమ తమ స్థానాల్లో అతుక్కుంటాయి. 139వ కీర్తన చదివినప్పుడల్లా మాకు ఈ సంగతే గుర్తుకొస్తుంది. ఈ తిరగడం మధ్యలో ఆగిపోతే, పేగులను పట్టి ఉంచే పొర విసనకర్రలా వెడల్పుగా కాక సన్నని కాడలా మిగిలిపోతుంది. ఆ కాడ చుట్టూ పేగులు గిర్రున తిరిగితే అందులోని రక్తనాళం నలిగిపోతుంది. రక్తం అందని పేగు కొన్ని గంటల్లోనే నల్లబడి చచ్చిపోతుంది.

ఎక్కువమందిలో ఇది పసితనంలోనే బయటపడుతుంది. అందుకే పెద్దవారి విషయంలో ఎవరికీ వెంటనే తట్టదు. తిన్న తరువాత నొప్పి, వాంతి వస్తాయి. కాసేపటికి మెలిక దానంతటదే విడిపోతుంది, పరీక్షకు వెళ్లేసరికి అంతా మామూలే. మన కొత్తగూడ, కొండాపూర్ వైపు రాత్రి షిఫ్టులు చేసే పిల్లలైతే, వేళకు తిండి లేదు కనుక గ్యాసేనని తామే తీర్మానించుకుని మాత్రలు కొనుక్కుంటారు. అలా ఏళ్లు గడిచిపోతాయి. (వాము నీళ్లతో మాకేమీ పేచీ లేదు. అజీర్తికైతే తాగండి.)

కానీ తగ్గని నొప్పితో ఆకుపచ్చని పసరు వాంతి అయితే ఇంట్లో వైద్యం వద్దు. పొట్ట ఉబ్బినా, అపానవాయువు పోకపోయినా, విరేచనంలో రక్తం పడినా ఆలస్యం చేయక 108కి ఫోన్ చేయండి. దారిలో అన్నం, నీళ్లు, విరేచనాల మందు ఏవీ ఇవ్వకండి. పాత స్కాన్ కాగితాలుంటే వెంట తెండి.

సి.టి. స్కాన్‌లో రక్తనాళం చుట్టూ పేగు సుడిలా కనబడవచ్చు. దీనికి చేసే ఆపరేషన్‌ను బోస్టన్ సర్జన్ విలియం లాడ్ 1936లో వివరించారు. మెలిక విప్పి, అడ్డుగా ఉన్న పొరలను కోసి, కాడను వెడల్పు చేస్తారు. విచిత్రమేమంటే, పేగులను అందరికీ ఉండే చోటికి మార్చరు. చిన్నపేగును కుడివైపు, పెద్దపేగును ఎడమవైపు సర్దుతారు. అపెండిక్స్‌ను సాధారణంగా తీసేస్తారు. ఎడమవైపు ఉండిపోయిన అపెండిక్స్ తరువాతెప్పుడైనా వాస్తే గుర్తుపట్టడం కష్టం. కాబట్టి ఆపరేషన్ కాగితాలు దాచుకుని, ఆ తరువాత ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా ముందు అవి చూపించండి.

వృద్ధుల్లో మలబద్ధకంతో పెద్దపేగు మెలిపడటం వేరే జబ్బు. దాని గురించి మరో సంచికలో రాస్తాము.